బెల్లమా, ఖండసారా, బ్రౌన్ షుగరా? చక్కెర డబ్బాలో ఏది పోయాలి?

హైదరాబాద్‌లో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా చక్కెర పక్కన ఇప్పుడు ఓ అరంతా ముదురు రంగు ప్యాకెట్లే. బెల్లం పొడి, బెల్లం క్యూబులు, ఖండసారి, బ్రౌన్ షుగర్, డెమరారా. అన్నీ చెరకు నుంచి వచ్చినవే, అన్నిటి మీదా ‘సహజం’ అని పెద్దక్షరాలే. ధర మాత్రం మామూలు చక్కెరకు రెండింతలు, ఒక్కోసారి మూడింతలు. మా చుట్టుపక్కల ఫ్లాట్లలో చక్కెర మానేసి వీటిలో ఏదో ఒకదానికి మారని ఇల్లు తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరోగ్యం కోసమే కొంటున్నట్లయితే వీటిలో ఏది తీసుకున్నా పెద్ద తేడా లేదు. రుచి కోసమైతే బెల్లానికి సాటి లేదు, అదీ ప్యాకెట్ పొడికి కాదు, దిమ్మ బెల్లానికి. బ్రౌన్ షుగర్ మీద పెట్టే డబ్బు దండగ.

అన్నిటికీ మూలం చెరకు రసమే. గానుగాడిన రసాన్ని పెద్ద పెనంలో పోసి, పైకి తేలే తెట్టు తీసేస్తూ, పాకం ముదిరేదాకా కాచి అచ్చుల్లో పోస్తే బెల్లం. తెట్టు బాగా తేలడానికి బెండ కాండం జిగురు కలపడం పాత పద్ధతి. నీళ్లు, తెట్టు పోగా రసంలో ఉన్నదంతా బెల్లంలోనే మిగులుతుంది. పాకాన్ని స్ఫటికాలు కట్టనిచ్చి, యంత్రంలో గిరగిరా తిప్పి మడ్డిని, అంటే మొలాసిస్‌ని, చాలావరకు వేరు చేస్తే ఖండసారి. ఫ్యాక్టరీలో ఇంకా గట్టిగా శుద్ధి చేసి, మడ్డి ఆనవాలు లేకుండా చేస్తే తెల్ల చక్కెర. అందులో 99.5 శాతానికి పైగా సుక్రోజే, అంటే చెరకులోని అసలు తీపి పదార్థమే. ఇక బ్రౌన్ షుగర్ చాలావరకు ఈ తెల్ల చక్కెరే, తీసేసిన మొలాసిస్‌ని కాస్త మళ్లీ పూసి అమ్ముతారు. లేబుల్ వెనక్కి తిప్పి చూడండి. ‘చక్కెర, మొలాసిస్’ అని రాసి ఉంటే సంగతి అదే. డెమరారా కాస్త నయం, మడ్డి పూర్తిగా తీయని పెద్ద పలుకుల చక్కెర అది. కాఫీలో బాగుంటుంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు.

పోషకాల సంగతికొద్దాం, ఎందుకంటే అమ్మకమంతా దాని మీదే నడుస్తోంది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం 100 గ్రాముల చెరకు బెల్లంలో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు, శక్తి 350 క్యాలరీల చిల్లర. తెల్ల చక్కెరలో ఇనుము లేనట్టే, క్యాలరీలు 400కి దగ్గర. కాగితం మీద చూస్తే బెల్లందే పైచేయి. కానీ 100 గ్రాముల బెల్లం ఎవరు తింటారు? చాయ్‌లో వేసే ఓ టీస్పూన్, అంటే 5 గ్రాముల బెల్లంలో ఇనుము మిల్లీగ్రాములో పావు వంతు కూడా ఉండదు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ 2020 సిఫార్సు. ఆ ఇనుమంతా బెల్లంతోనే రావాలంటే రోజుకు అరకిలో పైనే తినాలి. అప్పుడిక రక్తహీనత కంటే షుగర్ గురించే ఎక్కువ టెన్షన్ పడాలి.

పల్లీ పట్టీ, నువ్వుల లడ్డు బలమంటారు, నిజమే. అందులో బలం పల్లీలది, నువ్వులది. పేరు మాత్రం బెల్లం కొట్టేస్తుంది.

‘మా నాన్నగారికి షుగర్, అందుకే బెల్లం చాయ్ ఇస్తున్నాం’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. బెల్లంలో మూడింట రెండొంతుల నుంచి ఎనభై శాతం పైదాకా సుక్రోజే, దానికి తోడు గ్లూకోజు, ఫ్రక్టోజు. తాగిన కాసేపటికి రక్తంలో చక్కెర పెరగడంలో బెల్లం ఏమీ వెనకబడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం రోజు మొత్తం క్యాలరీల్లో విడిగా కలిపే చక్కెరల వాటా పది శాతం లోపు ఉండాలి, ఐదు శాతం లోపైతే ఇంకా మేలు. రోజుకు 2,000 క్యాలరీలు తినేవాళ్లకు ఐదు శాతమంటే 25 గ్రాములు. ఆ లెక్కలోకి బెల్లం, ఖండసారి, బ్రౌన్ షుగర్ అన్నీ వస్తాయి. పైగా బెల్లం తీపి చక్కెరంత పదునుగా ఉండదు. ఒక స్పూన్ చక్కెర వేసుకునేవాళ్లు ఒకటిన్నర స్పూన్ బెల్లం పొడి వేసుకుని, ‘ఆరోగ్యమే కదా’ అని ఇంకో అరచెంచా జోడిస్తారు.

ఇక కొనడం. అసలు పేచీ ఇక్కడే.

బేగంబజార్‌లోనో మోండా మార్కెట్‌లోనో బెల్లం కొట్టు ముందు నిలబడితే, బంగారు రంగులో నిగనిగలాడే దిమ్మలు ముందు వరసలో ఉంటాయి. ముదురు గోధుమ రంగువి ఏ మూలనో ఉంటాయి. అవి కావాలని అడిగితే కొట్టాయన మొహం అదోలా పెడతాడు. ‘గింత నల్లగున్నది ఎవరు తింటరక్కా? పచ్చది తీస్కో, మంచిగుంటది.’ ఆయన తప్పేం లేదు, జనం అడిగేదే ఆయన ముందు పెడతాడు. రసం కాగినకొద్దీ రంగు ముదరడం సహజం. దాన్ని లేతగా, మెరిసేలా చేయడానికి పాకంలో హైడ్రోస్ అనే గంధకపు పొడి వేస్తారు. దాని అవశేషాలకు ఆహార నిబంధనల్లో పరిమితి ఉంది. కానీ విడిగా అమ్మే దిమ్మ మీద ఆ వివరాలు ఎవరు రాస్తారు? పచ్చగా మెరిసే బెల్లమే మంచిదనుకుని మనం కొన్నంత కాలం తయారీదారు హైడ్రోస్ వేయక మానడు.

మన తెలంగాణలో దీనికి ఇంకో చిక్కు ఉంది. నల్ల బెల్లం అనగానే ముందు గుడుంబా, అంటే నాటుసారా గుర్తొస్తుంది. ఎక్సైజ్ వాళ్ల దాడుల్లో పటికతో పాటు పట్టుబడేది అదే. మేడారం జాతర వచ్చిందంటే భక్తులు తమ బరువుకు సరితూగే బెల్లం కొని అమ్మవార్లకు ‘బంగారం’గా సమర్పిస్తారు. ఆ బెల్లం పక్కదారి పట్టకుండా దుకాణాల్లో కొనేవాళ్ల ఆధార్ వివరాలు కూడా తీసుకున్న సందర్భాలున్నాయి. దీంతో ముదురు రంగు బెల్లం అడగడానికే మొహమాటపడే పరిస్థితి. నిజానికి గుడుంబాకు పోయే నల్ల బెల్లం వేరు, హైడ్రోస్ కలపకుండా కాచిన ముదురు బెల్లం వేరు. మొదటిది తారులా నల్లగా, జిగటగా, పులిసిన వాసనతో ఉంటుంది. రెండోది విరిస్తే పొడిపొడిగా పెళుసుగా విరుగుతుంది, లోపల చిన్న చిన్న పలుకులు మెరుస్తాయి, కమ్మటి వాసన వస్తుంది.

ఇంటికి తెచ్చాక చిన్న పరీక్ష. గ్లాసుడు వేడినీళ్లలో నిమ్మకాయంత ముక్క వేసి కదపకుండా వదిలేయండి. నీళ్లు పోసిన క్షణాన అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన ముక్కుకు తగిలితే గంధకం మోతాదు మించిందని అనుమానించాలి. కాసేపటికి అడుగున ఏం చేరిందో చూడండి. చెరకు పీచు, కాస్త మట్టి అయితే వడకట్టుకుంటే సరి. తెల్లటి ముద్దలా పేరుకుంటే సుద్దో మరొకటో కలిపి ఉంటారు, ఆ కొట్టుకు మళ్లీ వెళ్లక్కర్లేదు.

బెల్లం పొడి విషయంలో నాకున్న అభ్యంతరం కూడా ఈ వడకట్టడం దగ్గరే. దిమ్మ బెల్లాన్ని కరిగించి వడకట్టి వాడటం మనకు ముందునుంచీ అలవాటు. పొడి అయితే నేరుగా చాయ్‌లోకో పాలలోకో వెళ్లిపోతుంది. పైగా బెల్లం కంటే చక్కెర చవకగా దొరికే రోజుల్లో పాకంలో చక్కెర కలిపేస్తారు. పొడిలో అది అసలు కనిపెట్టలేం. సౌకర్యం మాత్రం కాదనను. పొద్దున్నే ఆఫీసుకు పరిగెత్తే ఇంట్లో రోకలి పట్టుకుని దిమ్మ కొట్టమంటే ఎవరు కొడతారు?

వంటింట్లో ఏది దేనికనేది ఇంకో లెక్క. పానకం చక్కెరతో చేస్తే అది పానకమే కాదు. బోనాల అన్నం, సద్దుల బతుకమ్మ మలీద, బొబ్బట్లు, అరిసెలు, చక్కెర పొంగలి (పేరులో చక్కెర ఉన్నా) బెల్లానివే. అరిసెల పాకం బ్రౌన్ షుగర్‌తో పట్టే సాహసం చేయకండి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ వేళ్ల మధ్య సాగుతూ ఉన్నప్పుడే పిండి కలపాలి. బెల్లంలో ఉండే గ్లూకోజు, ఫ్రక్టోజు పాకాన్ని గబుక్కున పలుకు కట్టనివ్వవు, అరిసె మర్నాటికీ మెత్తగా ఉంటుంది. అదే గుణం బిస్కెట్లలో ఇబ్బంది. బెల్లం బిస్కెట్లు డబ్బాలో పెట్టిన రెండో రోజుకే కరకర పోయి మెత్తబడతాయి. డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా, ఇరానీ చాయ్ జోలికి బెల్లాన్ని తీసుకెళ్లొద్దు. వాటి రుచిని అది మింగేస్తుంది.

ఇంట్లో బెల్లం చాయ్ పెడితే పాలు విరిగిపోతున్నాయనేది తరచూ వినే ఫిర్యాదు. బెల్లంలో కొంచెం పులుపు గుణం ఉంటుంది, మరుగుతున్న పాలకు అది పడదు. డికాక్షన్, పాలు కలిపి మరిగించి, స్టవ్ ఆపేసి, పొంగు తగ్గాక బెల్లం వేసి కలపండి. తర్వాత మళ్లీ మంట మీద పెట్టొద్దు. పరమాన్నానికీ ఇదే సూత్రం. అన్నం పాలలో ఉడికి, దించి, వేడి తగ్గాక వడకట్టిన బెల్లం పాకం పోయాలి.

ఖండసారికి నేను వ్యతిరేకిని కాను. పాలు విరగ్గొట్టే బెడద తక్కువ, తెల్ల చక్కెరలా చప్పటి తీపి కాదు, లేత మడ్డి వాసన ఉంటుంది. పెరుగులో, నిమ్మరసంలో బాగా కుదురుతుంది. అయితే మడ్డితో పాటు ఖనిజాలూ చాలావరకు పోయాయి కాబట్టి బెల్లం పేరు చెప్పి అమ్మే ధర దానికి తగదు.

ధరలో ఇంకో చిన్న సంగతి. 2022 జూలై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బెల్లం మీద 5 శాతం జీఎస్టీ ఉంది, విడి బెల్లం మీద లేదు. కిలో దిమ్మకు పెట్టే డబ్బుకు ప్యాకెట్ పొడి అరకిలో వస్తే ఎక్కువ.

మా ఇంటికైతే ముదురు దిమ్మ బెల్లం ఒకటి, మామూలు తెల్ల చక్కెర కొంచెం. మిగతావి కొనను. అనకాపల్లిదా, చిత్తూరుదా, కామారెడ్డిదా అన్నది మీ నాలుక అలవాటును బట్టి. ఊరి పేరు కంటే ఎప్పుడు కాచిందో అడగండి. చెరకు ఆడేది చలికాలంలో కాబట్టి సంక్రాంతికి కాస్త ముందు నుంచి ఎండలు ముదిరేలోపు దొరికేది కొత్త బెల్లం. ఏడాదికి సరిపడా అప్పుడే కొనేయకండి. ఆషాఢం ముసురుకు బెల్లం గాలిలోని తేమ లాగేసి చెమర్చుతుంది, బోనాల వేళకు డబ్బా అడుగున పాకం చేరుతుంది. రెండు మూడు నెలలకు సరిపోయేంత తెచ్చి, ముక్కలు కొట్టి, బటర్ పేపర్‌లో చుట్టి గాలి చొరబడని స్టీలు డబ్బాలో పెట్టండి. వానాకాలానికి మిగిలితే ఆ డబ్బాను ఫ్రిజ్‌లోకి మార్చండి.