‘ఓవర్‌క్లాక్ చేసి ఇస్తాం’ అనే చౌక ప్రాసెసర్ కంప్యూటర్లు కొనబోయేవారికి హెచ్చరిక

తక్కువ ధర ప్రాసెసర్‌నే ఓవర్‌క్లాక్ చేసి (అంటే కంపెనీ నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడిచేలా అమర్చి), పై తరగతి ప్రాసెసర్‌తో సమానమైన వేగం వస్తుందని నమ్మబలికి, కంప్యూటర్లను అసెంబుల్ చేసి అమ్మే దుకాణాలు హైదరాబాదులో ఉన్నాయి. అటువంటి ఒక దుకాణంలో మా బావమరిది తన స్టూడియో కోసం కొన్న యంత్రం ఏమైందో, ఆ బేరంలోని లోపం ఎక్కడుందో, కొత్త కంప్యూటర్ కొనబోయేవారు డబ్బు కట్టకముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున దుకాణం పేరు రాయడం లేదు.

మా బావమరిది పెళ్లిళ్ల వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఏఎండీ కంపెనీ తయారుచేసే, ఎనిమిది కోర్ల (అంటే ఒకేసారి పనిచేసే ఎనిమిది లెక్కింపు భాగాల) రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ కావాలని అడిగితే, దానికి అంత పెట్టడం దండగని, ఆరు కోర్ల రైజెన్ 5 5600 కూడా అదే తరం చిప్పని, దాన్నే 4.6 గిగాహెర్ట్జ్‌కు పెంచి ఇస్తామని దుకాణదారు చెప్పి, ‘ట్యూనింగ్’ పేరిట విడిగా రుసుము కూడా తీసుకున్నాడు. కూలర్ మాత్రం ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన చిన్నదే బిగించాడు. చలికాలమంతా యంత్రం బాగానే నడిచింది. వైశాఖ ముహూర్తాలు మొదలై, పగలూ రాత్రీ వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేయవలసి వచ్చేసరికి పని సగంలో ఉండగా నీలి తెర వచ్చి ఆగిపోవడం మొదలైంది. అంతకంటే పెద్ద నష్టం, ఆగిపోకుండా పూర్తయిన ఫైళ్లలో కూడా అక్కడక్కడా బొమ్మ చెదిరి గళ్లుగళ్లుగా రావడం. హద్దు దాటించిన ప్రాసెసర్ ప్రతిసారీ ఆగిపోయి తన లోపాన్ని బయటపెట్టదు; ఒక్కోసారి లెక్క తప్పుగా చేసి, ఆ తప్పును ఫైలులో కలిపి, ఏమీ జరగనట్టే ముందుకు సాగుతుంది.

తెలిసిన సాంకేతిక నిపుణుడిచేత చూపిస్తే, వోల్టేజీని 1.4 వోల్టుల దగ్గర బిగించేసి ఉన్నారని, ఎక్స్‌పోర్ట్ సమయంలో వేడి 90 డిగ్రీలు దాటుతోందని, విండోస్‌లో జరిగిన తప్పులను నమోదు చేసి చూపే ఈవెంట్ వ్యూయర్‌లో ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ పేరుతో హార్డ్‌వేర్ తప్పులు వరుసగా నమోదై ఉన్నాయని తేలింది. ఆ ప్రాసెసర్‌కు కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దే 90 డిగ్రీలు. అమరికలు మార్చుదామంటే, అవి ఉండే బయోస్‌కు (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నడిచే ప్రాథమిక ప్రోగ్రామ్‌కు) దుకాణం వారు పాస్‌వర్డు పెట్టి ఉంచారు. వారిని అడిగితే మొదట ఎండల మీద నెపం వేసి, గదిలో ఏసీ పెట్టించుకోమన్నారు. గట్టిగా నిలదీసినప్పుడు చెప్పినది వింటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది: ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ వర్తించదట! ఓవర్‌క్లాక్ చేసినది వారే, అందుకు డబ్బు తీసుకున్నది వారే, ఆ కారణం చూపి చేతులు దులుపుకున్నదీ వారే. ఇప్పుడు అన్ని అమరికలనూ కంపెనీ ఇచ్చిన స్థితికి తెచ్చినా ఆ ప్రాసెసర్ అప్పుడప్పుడు తప్పులు చేస్తూనే ఉంది, కాబట్టి పనికి దాన్ని నమ్మడానికి లేదు.

కంపెనీ నిబంధన గురించి వారు చెప్పినది అబద్ధం కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. రైజెన్ ప్రాసెసర్లలో చాలావాటి గుణకాన్ని (వేగాన్ని నిర్ణయించే అంకెను) ఏఎండీ తాళం వేయకుండానే అమ్ముతుంది, కానీ నిర్దేశించిన హద్దులు దాటి నడపడం వల్ల కలిగే నష్టాన్ని వారంటీ నుంచి మినహాయిస్తుంది. మనం తెలిసి తీసుకోవలసిన రిస్కును దుకాణదారు మన తరఫున, మనకు చెప్పకుండా, మన డబ్బుతో తీసుకుంటున్నాడన్నమాట.

ఇంత చేసినందుకు దక్కిన లాభమెంతో కూడా లెక్క వేసుకుందాం. 5600 ప్రాసెసర్ తనంతట తానే 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్లగలదు. దాన్ని 4.6కు పెంచితే వేగంలో పెరుగుదల నాలుగున్నర శాతం. చిప్పు లాగే విద్యుత్తు మాత్రం వేగంతో పాటు వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేదాన్ని) అనుసరించి పెరుగుతుంది. వోల్టేజీని 1.2 నుంచి 1.35కు పెంచారనుకున్నా, విద్యుత్తు, దానితోపాటు వేడి, మూడో వంతు దాకా ఎక్కువవుతాయి. మా వాళ్లది 1.4. ఇక కోర్ల సంగతి: ఆరుగురు కూలీలను ఎంత తరిమినా ఎనిమిది మంది చేసే పని చేయలేరు. ఆరు కోర్లు 4.6 దగ్గర నడిస్తే మొత్తం 27.6, ఎనిమిది కోర్లు నెమ్మదిగా 4.0 దగ్గర నడిచినా 32. ఇది మోటు లెక్కే అయినా, వీడియో రెండరింగ్ వంటి, అన్ని కోర్లకూ పంచగలిగే పనిలో ఫలితం దాదాపు ఇలాగే ఉంటుంది. కోర్లు, క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) సిలికాన్ మీద చెక్కినవి. బయోస్‌లో అంకెలు మార్చి వాటిని పెంచడం ఎవరి తరమూ కాదు.

‘ఒకప్పుడు అందరూ చేసేవారు కదా’ అని దుకాణాల వారు చెప్పే మాటలో కొంత నిజముంది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను, బస్ (ప్రాసెసర్‌ను మిగతా యంత్రంతో కలిపే దారి) వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి, 300 బదులు 450 మెగాహెర్ట్జ్‌తో నడిపినవారు ఎందరో ఉన్నారు. అంటే ఒక్క మార్పుతో యాభై శాతం లాభం. ఆనాడు కంపెనీలు చిప్పులో అంత ఖాళీ వదిలి అమ్మేవి. 2011లో శాండీ బ్రిడ్జ్ తరంతో ఇంటెల్ ఆ దారిని చాలావరకు మూసివేసి, పేరు చివర ‘కె’ అక్షరమున్న ఖరీదైన రకాలకే పూర్తి స్వేచ్ఛనిచ్చింది. 2014లో రెండు కోర్ల పెంటియం జీ3258ను చవకగా, తాళం లేకుండా ఇచ్చినప్పుడు చాలామంది సంబరపడి కొన్నారు కానీ, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు) లేనిదే మొదలవని ఆటలు కొద్ది కాలానికే వచ్చాయి. ఇప్పటి ప్రాసెసర్లు వేడిని, విద్యుత్తును క్షణక్షణం కొలుచుకుంటూ ఉన్న ఖాళీని తామే వాడేసుకుంటున్నాయి కనుక, పాతకాలపు లాభం చూపించి నేటి సరుకు అమ్మడం మోసమే.

అయితే దీనర్థం అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్‌నే కొనమని కాదు. 5800ఎక్స్, 5700ఎక్స్ రెండింటిలోనూ ఎనిమిది కోర్లే, 32 మెగాబైట్ల ఎల్3 క్యాషే; మొదటిది 105 వాట్ల తరగతిది, గరిష్ఠ వేగం 4.7, రెండోది 65 వాట్లది, గరిష్ఠ వేగం 4.6. నన్నడిగితే, మొదటిదానికి ఎక్కువ పెట్టే డబ్బు ఫ్యాక్టరీలో చేసిన ఓవర్‌క్లాకింగ్‌కు చెల్లిస్తున్నదే, కాకపోతే దానికి వారంటీ ఉంటుంది. మా బావమరిదికి కావలసినది 5700ఎక్స్, ఒక మంచి కూలర్. దుకాణదారు ఆ పేరే ఎత్తలేదు. ఆటల కోసం కొనేవారికి మాత్రం 96 మెగాబైట్ల క్యాష్ ఉన్న 5800ఎక్స్3డీ వంటి ప్రాసెసర్లకు ఎక్కువ పెట్టడంలో అర్థముంది, ఎందుకంటే ఆ తేడా ఓవర్‌క్లాకింగ్‌తో వచ్చేది కాదు.

ఖరీదైనది కదా అని పూర్తి భరోసా కూడా పెట్టుకోవద్దు. ఇంటెల్ 13, 14 తరాల పై శ్రేణి ప్రాసెసర్లు, ముఖ్యంగా ఐ9 రకాలు, ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఆ కంపెనీయే అంగీకరించి, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల ప్రోగ్రామ్) సవరణ విడుదల చేసి, డబ్బాతో అమ్మినవాటి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు. కాబట్టి ఈ తరాల ఐ7, ఐ9లు సెకండ్‌హ్యాండ్‌లో చవకగా దొరుకుతున్నాయంటే, ఆ సవరణ ఉన్న బయోస్ నవీకరణ చేయకుండానే వాడారేమోనని అనుమానించవలసిందే.

కొనేటప్పుడు బిల్లు మీద ‘అసెంబుల్డ్ పీసీ’ అని ఒక్క ముక్క రాసి ఇస్తే ఒప్పుకోకండి. ప్రాసెసర్ పూర్తి పేరు, సీరియల్ నంబరు జీఎస్టీ బిల్లులో ఉండాలి, సీలు ఉన్న డబ్బాను మీ ఎదుటే తెరవాలి, ఆ డబ్బా మీకే ఇవ్వాలి. డబ్బా లేకుండా ట్రేలో వచ్చే ప్రాసెసర్లకు సాధారణంగా దుకాణం మాటే వారంటీ. యంత్రం సిద్ధమయ్యాక బయోస్‌లోకి వెళ్లి, పాస్‌వర్డు లేదని చూసుకుని, కంపెనీ అమరికలను మళ్లీ లోడ్ చేయమనండి. ఆ తరువాత ప్రాసెసర్‌కు పూర్తి భారం పెట్టి పరీక్షించే ఓసీసీటీ గానీ ప్రైమ్95 గానీ కనీసం అరగంట నడిపించి వేడి గమనించండి. ‘అంతసేపు నడపకూడదు’ అని దుకాణదారు అడ్డుపడితే, ఆ యంత్రం మీ పనికి నిలవదని అతనికి ముందే తెలుసన్నమాట.

ఇప్పటికే ఇలాంటి యంత్రం కొని ఇబ్బంది పడుతున్నవారు దుకాణదారుతో మాటలు ఫోనులో కాకుండా రాతపూర్వకంగా జరపండి. ఓవర్‌క్లాక్ చేసి ఇస్తామని ఒప్పుకున్న సందేశాలను, ఈవెంట్ వ్యూయర్ తెరచిత్రాలను దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం దుకాణం హైదరాబాదులో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అయితే వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపల వేయాలి.