ఈపీ నుంచి రెండు పీ-38: పాటలో గొంతు పోనివ్వని కేబుల్

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ షాపుల్లో ఫోన్‌ని మిక్సర్‌కి కలిపే కేబుళ్ళు మూడు రకాలు కనిపిస్తాయి. భజన మందిరానికైనా పెళ్ళి పందిరికైనా నిక్కచ్చిగా కొనదగ్గది ఒక్కటే: ఒకవైపు ఈపీ స్టీరియో (ఎడమ, కుడి రెండు సిగ్నళ్ళు), రెండోవైపు రెండు పీ-38 మోనో (ఒక్కోదానికి ఒకే సిగ్నల్) పిన్నులు. 3.5 మి.మీ. పిన్‌ని ఈపీ అంటారు, 6.35 మి.మీ. లావు పిన్‌ని పీ-38 అంటారు. ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా ఇవే మాటలు.

కేబుల్ చేతికి రాగానే పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో, మూడుంటే మైకు కూడా ఉన్నట్టు.

రెండువైపులా స్టీరియో పిన్నే ఉన్న రకం మాత్రం కొనకండి. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు తీగల మధ్య తేడానే తీసుకునే రంధ్రం) గుచ్చితే, మిక్సర్ ఎడమ సిగ్నల్లోంచి కుడిదాన్ని తీసేస్తుంది. గాయకుడి గొంతు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది కదా, అదే మాయమవుతుంది. పక్కలకు పరిచిన వాయిద్యాలు మిగిలి, పాట నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. ఫోన్‌నీ మిక్సర్‌నీ అనుమానిస్తారు గానీ తప్పు కేబుల్‌ది.

ఒకే పీ-38 మోనో ఉన్న రకం కొంత నయం. అయితే ఎడమ, కుడి తీగలు నేరుగా కలిపేసి ఉంటే ఫోన్‌లోని రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఖాళీ ఛానెల్ ఒక్కటే ఉంటే, ఒక్కో తీగకి 1 కిలో ఓమ్ రెసిస్టర్ టంకం వేసి అప్పుడు కలపండి.

పోతపోసిన ప్లాస్టిక్ పిన్ కన్నా మర మూత ఉన్న లోహపు పిన్ మేలు. తీగ ఎక్కువగా తెగేది పిన్ మెడ దగ్గరే. మూత విప్పితే అక్కడికక్కడే అతికించుకోవచ్చు. కొనేముందు మల్టీమీటరు బీప్ మోడ్‌లో పెట్టి చూడండి: ఈపీ కొన ఒక పీ-38 కొనకి, ఈపీ రింగ్ (రెండు గీతల మధ్య భాగం) రెండోదాని కొనకి తగలాలి. కొనకీ అడుగు భాగానికీ మధ్య బీప్ వస్తే షార్టే, తిరిగిచ్చేయండి.

మూడు గీతల హెడ్‌సెట్లలో ఇంకో చిక్కుంది. కొన్ని పాతవి ఓఎంటీపీ అనే వైరింగ్ పద్ధతివి, ఇప్పటి ఫోన్లు సీటీఐఏ అనే పద్ధతివి. ఈ రెండింటిలో మైకు, గ్రౌండ్ చోట్లు తారుమారు. మైకు బటన్ నొక్కి పట్టుకున్నప్పుడే పాట సరిగ్గా వినిపిస్తే కారణం అదే.

తగిలించేటప్పుడు రెండు పీ-38లనీ లైన్ ఇన్‌పుట్లలోనే పెట్టండి, మైకు రంధ్రంలో పెడితే గొంతు పగిలిపోతుంది. ఆ రెండు ఛానెళ్ళ ప్యాన్ నాబ్‌లలో (ఎడమ-కుడి తిప్పేవి) ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిప్పి, ఫోన్ వాల్యూమ్ ముప్పావుకి పెట్టి, మిగతాది మిక్సర్లో పెంచుకోండి.