టస్కనీ కోట ఊళ్లు: కారు ఎక్కడ ఆపాలన్నదే పెద్ద గొడవ

ఇటలీ నుంచి తిరిగొచ్చి ఏడు నెలలైంది, ఫొటోలు చూసుకోవడం కూడా మానేశాం, అప్పుడొచ్చాయి రిజిస్టర్డ్ పోస్టులో రెండు కవర్లు. ఒకటి తెరిచి చూస్తే ట్రాఫిక్ ఫైను. దాదాపు నూరు యూరోలు. అంతకు కొన్ని నెలల ముందే అద్దె కారు కంపెనీ వాళ్లు మా కార్డు నుంచి ఏదో డబ్బు లాక్కున్నారు. అదే ఫైను కాబోలు అనుకుని ఊరుకున్నాం. కాదట, మా పేరూ అడ్రసూ పోలీసులకి అందించినందుకు వాళ్ల చార్జీ అట. అసలు ఫైను వేరే. విదేశాల్లో ఉండేవాళ్లకి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువిస్తుంది కాబట్టి, ఇంటికి చేరాం కదా గండం గడిచిందిలే అనుకోవడానికి లేదు.

ఏ ఊళ్లో జరిగిందో పేరు చెప్పను. మేం నలుగురం: నేను, మా ఆవిడ, అమ్మ, బండి నడిపే మా బావమరిది. బస కోటగోడ లోపల. ఇటలీలో ఇలాంటి పాత ఊళ్ల నడిబొడ్డుని జెడ్‌టీఎల్ అంటారు, అంటే పర్మిట్ ఉన్న బండ్లే వెళ్లాల్సిన చోటు. గుమ్మం దగ్గర పోలీసు ఉండడు, గేటు కూడా ఉండదు, తెల్లటి గుండ్రానికి ఎర్ర అంచున్న బోర్డు, పైన కెమెరా, అంతే. చాలా ఊళ్లలో బస ఓనర్లు మన కారు నంబరు మున్సిపాలిటీకి ఎక్కిస్తే వెళ్లొచ్చు. మా ఓనరు అడిగాడు, పంపాం, పాపం ఎక్కించాడు కూడా, కానీ దిగిన రోజుకి మాత్రమే. ఉన్నన్నాళ్లూ చెల్లుతుందనుకుని మేం రెండు రోజులూ పొద్దున బయటికెళ్లి సాయంత్రం దర్జాగా లోపలికొచ్చాం. గుమ్మం పక్కన "వార్కో అత్తీవో" అని లైట్ల బోర్డు వెలుగుతూనే ఉంది. "యాక్టివ్ అంటే ఓపెనే కదా బావా" అన్నాడు మావాడు. నేనూ తలూపాను. దాని అర్థం నిషేధం అమల్లో ఉంది, కెమెరా చూస్తోంది అని. లోపలికి వెళ్లొచ్చంటే మధ్యలో "నాన్" అని ఉండాలి.

ఇక శాన్ జిమిన్యానో సంగతి. ఒకప్పుడు 72 దాకా రాతి టవర్లు ఉండేవట, ఇప్పుడు 14 మిగిలాయి, 1990 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కార్లన్నీ గోడ బయటే, పీ1 నుంచి పీ4 దాకా నంబర్లున్న పార్కింగుల్లో. ముఖ్య గుమ్మం పోర్తా శాన్ జొవాన్నికి దగ్గరగా ఉన్నది పీ2, రేటు ఎక్కువ, పొద్దెక్కితే ఖాళీ ఉండదు. పీ1 దూరం, చవక, షటిల్ బస్సు ఉంది, నడిస్తే మాత్రం ఎక్కుడు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. అందుకని అమ్మనీ మా ఆవిడనీ గుమ్మం బయట బస్సులు ఆగే చోట దించేసి, మేమిద్దరం పీ1లో కారు పెట్టి రొప్పుకుంటూ ఎక్కి వచ్చేసరికి, వాళ్లు లోపల బావి ఉన్న చౌకులో, ఆ బావి మెట్ల మీదే తీరిగ్గా కూర్చుని ఉన్నారు. తక్కువ సామాను, ఒక్క పూట అయితే ఇది బాగా కుదిరింది. పెద్ద సూట్‌కేసులతో అయితే చచ్చినా వద్దు, ఆ రాళ్ల మీద చక్రాలు రెండు వీధులకే ఊడతాయి.

రాత్రి బస మాత్రం ఊరికి కాస్త అవతల ద్రాక్షతోటల్లో ఒక పొలం ఇంట్లో. ఈసారి వెళ్లినా అలాంటిదే తీసుకుంటాను. గది మామూలే, ఫ్యాన్ కూడా లేదు, అయినా కారు చెట్టు కింద ఉంటుంది, ఎవరినీ అడగక్కర్లేదు.

అక్కడే జరిగింది అసలు వాదన. ఇల్లుగలావిడ పుట్టింది గోడ లోపలే. మావాడు ఊరుకోకుండా, "రాత్రి ఎనిమిది దాటాక కార్లని వదిలితే ఏం పోతుందండీ, అప్పటికి టూరిస్టులు ఉండరు కదా" అన్నాడు. ఆవిడ నవ్వి, ఆ సన్న వీధుల్లో రాత్రిపూట రాళ్ల మీద టైరు చప్పుడు ఎప్పుడైనా విన్నావా, రెండో అంతస్తు దాకా వస్తుంది అంది. బాగానే ఉంది. కానీ ఆవిడకీ ఈ రూల్స్ మీద కోపమే ఉంది, అది వేరే కోపం. బయట ఉండే కొడుకు సరుకులు తెచ్చివ్వాలన్నా అనుమతి వ్యవహారం, మేకులూ బల్బులూ అమ్మే కొట్లు పోయి సంచులూ మాగ్నెట్లూ అమ్మేవి మిగిలాయి. పార్కింగ్ వల్లేనా అంటే, కాదు, ఇళ్లన్నీ మీలాంటి వాళ్లకి అద్దెకిచ్చేశాక మేకులు ఎవరు కొంటారు అని మొహం మీదే అనేసింది. మావాడు ప్లేటులోకి చూస్తూ కూర్చున్నాడు.

ఫైను కట్టి కూడా నేను ఆవిడ పక్షమే. మర్నాడు పొద్దున జనం రాకముందే వెళ్తే, సరుకు దించే చిన్న వ్యాను ఒకటి సందు మలుపు తిరుగుతోంది. డ్రైవరు రెండు అద్దాలూ మడిచాడు, తల బయటపెట్టి అంగుళం అంగుళం లాగాడు. ఆ మూల రాయి మీద తెలుపు, ఎరుపు, నీలం, ఎన్ని బండ్ల పెయింటు గీతలో. ఇది రోజుకి ఒకటి రెండు సార్లు అయితే సరే, మా అద్దె కార్లన్నీ ఆ సందులో దూరితే? నా గొడవ నిషేధం మీద కాదు, దాన్ని చెప్పే తీరు మీద. టైములు ఇటాలియన్‌లో, వేగంగా వస్తూ చదివేలోపు దాటేస్తాం, వెనక్కి తిప్పుకునే చోటుండదు.

సియెనా ఈ విషయంలో ఆరితేరింది. 1960ల్లోనే కార్లని నడిబొడ్డు నుంచి పంపించేసింది. శాంతా కాతరీనా పార్కింగ్‌లో పెడితే ఎస్కలేటర్లే కొండమీదికి తీసుకెళ్తాయి, అమ్మ ఒక్క మెట్టు ఎక్కకుండా సగం దూరం పోయింది. "ఇల్ కాంపో" అనే పార్కింగ్ పేరు చూసి అది పెద్ద చౌకు పక్కనే అనుకోకండి, నడక ఉంది. గుర్రప్పందేలు జరిగే జులై 2, ఆగస్టు 16 చుట్టుపక్కల అయితే కారు ఆలోచనే మానుకోవాలి.

టస్కనీ పక్కనున్న లాజియో ప్రాంతంలోని చీవితా ది బాన్యోరెజ్జోలో అయితే వాదనే లేదు, ఉన్నదే నడక వంతెన. 2013లో ఒకటిన్నర యూరోతో ప్రవేశ రుసుము మొదలై ఐదు యూరోలకి చేరింది. వంతెన చివర ఎక్కుడు, అమ్మ ఇవతలే ఉండిపోయింది.

రోడ్డు గీతల సంగతి కూడా: నీలం అయితే డబ్బు, తెలుపు ఉచితం, పసుపు మనది కాదు. తెలుపు దగ్గర కూడా బోర్డు చూడాలి, వచ్చిన టైము చూపించే గడియారం అట్ట అద్దం దగ్గర పెట్టమంటారు. బోర్డు మీద ఒకదానికొకటి అడ్డంగా రెండు సుత్తుల బొమ్మ ఉంటే ఆ రూలు పనిదినాలకి, శిలువ ఉంటే ఆదివారాలకీ సెలవులకీ.

ఫైను అందిన ఐదు రోజుల్లోపు కడితే 30 శాతం తగ్గుతుంది. మొదటి కవరుకి అలాగే కట్టాం. రెండోది దాని కాపీ అనుకుని సొరుగులో పడేశాం. అది రెండో సాయంత్రానిదని తెలిసేసరికి మూడు వారాలైంది.