పదిహేనుకి దించాకే ఇసుకలోకి

మొన్న ఇక్కడ యూఏఈలో బదాయర్ ఇసుక తిన్నెల నుంచి బయటికొచ్చి రోడ్డు పక్కన నాలుగో టైరుకి గాలి కొడుతుంటే, కంప్రెసర్ పైపు మూతి దగ్గర టప్పుమని చిట్లింది. కొన్న ఏడేళ్లకి. పాపం, దాన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ ఏడేళ్లలో అది కొట్టిన గాలికి లెక్క లేదు. పైపు చుట్టి డిక్కీలో పడేశాక, టైర్లలో గాలి తీసి మళ్లీ కొట్టుకునే ఈ సరంజామా గురించి నాలుగు ముక్కలు రాయాలనిపించింది. కొత్తగా బండి కొని ఎడారిలోకి వెళ్దామనుకునే మనవాళ్లు షార్జా, దుబాయ్‌లలో చాలామందే ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: "అన్నా, గాలి ఎంత పెట్టాలి?"

నాది టయోటా ఎఫ్‌జే క్రూజర్, 265/70 ఆర్17 సైజు టైర్లు. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద 32 అని ఉంటుంది, అంటే రోడ్డు మీద టైరులో ఉండాల్సిన గాలి ఒత్తిడి, పీఎస్ఐ లెక్కలో. ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే దాన్ని తగ్గించాలి. మొదటిసారి ఎడారిలోకి దిగినప్పుడు నేను 22కే ఆపేశాను. పదిహేను అని అందరూ చెప్పారు, నాకే ధైర్యం చాల్లేదు. పెట్రోలు బంకు పన్నెండు కిలోమీటర్ల దూరం, తీసేసిన గాలి మళ్లీ ఎవరు కొడతారు? మొదటి తిన్నె సగం ఎక్కాక బండి ఆగింది. నేనేమో యాక్సిలరేటర్ ఇంకా తొక్కాను. బండి అక్కడికక్కడే ఇరుసు దాకా దిగబడిపోయింది.

పారతో తవ్వుతుంటే ఒక ఎమిరాతీ పెద్దాయన లాండ్ క్రూజర్ దిగి వచ్చాడు. హిందీ నాకన్నా బాగా మాట్లాడాడు. టైరు చూశాడు, నన్ను చూశాడు, "ఖమస్తాష్" అన్నాడు. పదిహేను అని. తాళంచెవి మొనతో వాల్వు నొక్కిపెట్టి పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టాడు. నాలుగు చక్రాలకీ అంతే. తర్వాత నన్ను ఎక్కించి రివర్సులో మెల్లగా రమ్మన్నాడు. అరగంట తవ్వినా కదలని బండి తాడు కూడా కట్టకుండానే బయటికొచ్చింది. ఆ మర్నాడే వెళ్లి కంప్రెసర్ కొన్నాను.

ఇదే నేను చెప్పదలుచుకున్నది. గాలి తీయడం ఎవడికైనా వచ్చు. తీయడానికి చెయ్యి రాకపోవడానికి కారణం, తిరిగి కొట్టుకునే దారి మన దగ్గర లేకపోవడం. కంప్రెసర్ డిక్కీలో ఉంటే మనిషి పదిహేనుకి దించుతాడు. లేకపోతే ఇరవై రెండు దగ్గర ఆగి మొండికేస్తాడు, నాలాగే.

గాలి తగ్గిస్తే ఏమవుతుందో చిన్న లెక్క వేసుకుంటే తెలుస్తుంది. బండి సుమారు రెండు టన్నులు, చక్రానికి అర టన్ను. 32 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకి రెండుంబావు కిలోలు. అంటే ఒక్కో టైరు దాదాపు 220 చదరపు సెంటీమీటర్ల మేర నేలని తాకితే సరిపోతుంది. అదే 15కి దించితే 470 దాటుతుంది. టైరు గోడ బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అచ్చంగా ఇంతే కాదు, కానీ దాదాపు రెట్టింపు అనుకోవచ్చు. పైగా టైరు అడ్డంగా ఉబ్బేది తక్కువ, పొడవునా పరుచుకునేది ఎక్కువ. ఇది ఇసుక మీద కంటికే కనిపిస్తుంది. 32తో వెళ్తే కత్తితో కోసినట్టు లోతైన గాడి పడుతుంది. 15తో వెళ్తే టైరు గళ్లు ఇసుక మీద అచ్చు గుద్దినట్టు పైపైనే ఉంటాయి. మా కోనసీమలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప దమ్ము చక్రాలు తగిలిస్తారు. అక్కడ చక్రమే మారుస్తాం, ఇక్కడ ఉన్న చక్రాన్నే మెత్తబరుస్తాం. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1920ల్లోనే ఈజిప్టు ఎడారిలో ఫోర్డు కార్ల టైర్లలో గాలి తగ్గించి నడిపాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన 'డక్' బండిలోనైతే డ్రైవరు సీట్లో కూర్చునే గాలి పెంచి తగ్గించే ఏర్పాటు ఉండేది. మనం ఇంకా మోకాళ్ల మీద కూర్చునే ఉన్నాం.

ఇక సామాను సంగతి. గాలి తీయడానికి మొదట ఇత్తడి మరలు కొన్నాను. వాల్వుకి బిగిస్తే అనుకున్న అంకె దగ్గర వాటంతట అవే ఆగుతాయి అన్నారు. మొదటి సీజను బానే ఆగాయి. తర్వాత లోపలి స్ప్రింగులో ఇసుక చేరిందేమో, ఒకటి పదిహేను దగ్గర, ఇంకొకటి పదకొండు దగ్గర ఆగడం మొదలెట్టాయి. బయట పడేశాను. ఇప్పుడు వాడేది వాల్వు లోపలి పుల్లని బయటికి లాగి గాలి వదిలే రకం, గేజు దానికే ఉంటుంది. టైరుకి నిమిషం కూడా పట్టదు. మొదటిసారి ఆ బుస్సుమనే చప్పుడికి మా ఆవిడ "పేలిపోతుందేమోనండీ" అని దూరంగా జరిగింది. ఇప్పుడు వెనక రెండు చక్రాలు ఆవిడవి, ముందు రెండు నావి.

కంప్రెసర్ పెట్టుకున్నది పన్నెండు వోల్టులది. దీని క్లిప్పులు నేరుగా బ్యాటరీకి పెట్టాలి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టేవి టైరు పంక్చరైతే ఒక్కదానికి పనికొస్తాయి, నాలుగు టైర్లు పదిహేను నుంచి ముప్పై రెండుకి తేవాలంటే సాకెట్ ఫ్యూజు పోతుంది. నాది పోయింది కూడా. ఇంజను స్టార్టు చేసి ఉంచి కొడితే టైరుకి ఐదు నిమిషాలు, మొత్తం ఇరవై పైన. చలికాలంలో ఏ పేచీ లేదు. ఎండాకాలంలో మూడో టైరు దగ్గరికొచ్చేసరికి వేడెక్కి దానంతటదే ఆగిపోతుంది, బండి నీడలో పెట్టి పావుగంట ఆగాలి. మేం అప్పుడు ఫ్లాస్కులో టీ తాగుతాం. ఇంకా డబ్బు పెడితే రెండు సిలిండర్లది వస్తుంది, త్వరగా అవుతుంది. నాకు అవసరం అనిపించలేదు.

అసలు డబ్బు పెట్టాల్సింది గేజు మీద. నా కంప్రెసర్ మీదున్న ముల్లు గేజు నాలుగు పాయింట్లు, అంటే నాలుగు పీఎస్ఐ, ఎక్కువ చూపిస్తుందని రెండేళ్లకి గానీ తెలియలేదు. అంటే నేను పదమూడు అనుకుని తిరిగింది తొమ్మిది మీద. అది తెలిసిన రోజు ఇలా జరిగింది: షార్జా ఎడారిలో ఫాసిల్ రాక్ అనే గుట్ట దగ్గర తిన్నె వాలు మీద అడ్డంగా వెళ్తూ స్టీరింగు గట్టిగా తిప్పాను. ముందు కుడి టైరు రిమ్ము నుంచి ఊడింది. ఇక్కడి వాళ్లు దీన్ని పాపౌట్ అంటారు. జాకీ కింద చెక్క ముక్క వేసి ఎత్తి, అంచులో చేరిన ఇసుక గుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే సబ్బు నీళ్లు రాసి, వాల్వు పుల్ల తీసేసి కంప్రెసర్ పెట్టాం. మొదట గాలంతా అంచుల నుంచి బుడగలై పోయింది. నెల్లూరు తమ్ముడొకడు టైరుని కాలితో తన్ని పట్టుకున్నాడు. ఠక్, ఠక్ అని రెండు చప్పుళ్లు, టైరు గాడిలో కూర్చుంది. "ఏందన్నా, పెళ్లిలో తాళి కట్టినంత సంబరపడతన్నావు" అన్నాడు వాడు.

అప్పట్నుంచి చేతి గేజు విడిగా ఉంటుంది, ఎవరికీ అరువివ్వను. తొంభై దిర్హాములు.

అంకె ఒక్కసారి పెడితే అయిపోలేదు. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు పదిహేను పెడితే, మధ్యాహ్నానికి టైరు వేడెక్కి పద్దెనిమిది చూపిస్తుంది. ఇంత తక్కువ గాలి దగ్గర పది డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక పాయింటు. మంచుతో తడిసిన ఇసుకేమో అప్పటికి ఆరి తువ్వగా మారుతుంది. పొద్దున్న నవ్వుతూ ఎక్కిన తిన్నె మధ్యాహ్నం ఎక్కదు, అందరూ డ్రైవింగుని తిడతారు. దిగి గేజు పెట్టి చూడండి, మూడు పాయింట్లు తీయండి. అబుదాబిలోని లీవా ఎడారి వైపు వెళ్తే నేను పన్నెండు దాకా దించుతాను, పది కిందకి మాత్రం వెళ్లను. దిగబడి తప్పనిసరై దించితే, బయటికొచ్చాక వెంటనే మళ్లీ కొడతాను. గాలి తక్కువున్నప్పుడు గట్టి మలుపులు వద్దు, బ్రేకు తొక్కి ఆపడమూ వద్దు, దానంతటదే ఆగనివ్వాలి.

ఇసుక అంకె రాళ్లకి పనికిరాదు. షౌకా దగ్గర వాదీలోకి, అంటే మన ఎండు వాగు లాంటిదే, ఇసుక నుంచి నేరుగా అదే పదిహేనుతో వెళ్లాను. ఉబ్బిన టైరు గోడ రాయి అంచుకి చీరుకుపోయింది. అక్కడ 22 నుంచి 25 ఉండాల్సింది. స్టెప్నీ దింపి చూస్తే అందులో ఇరవైయే ఉంది, కొన్నప్పట్నుంచి దాన్ని ఎవరు చూశారు గనక! కంప్రెసర్ దాని పని అది చేసింది, కానీ ఆ రోజు నా నోటికి తాళం పడింది.

తారు రోడ్డెక్కాక గాలి కొట్టకుండా ఇంటికి పోదామని మాత్రం అనుకోవద్దు. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు గోడ మడత పడీ పడీ కాలిపోతుంది. కంప్రెసర్ మొరాయిస్తే అరవై దాటకుండా దగ్గర్లోని బంకు దాకా వెళ్తాను, అంతే. 2022 జనవరిలో వారాంతం శనాదివారాలకి మారాక, ఆదివారం సాయంత్రం ఎడారి పక్క బంకుల్లో గాలి కోసం బారులు చూస్తే మన కంప్రెసర్ మీద ప్రేమ పెరుగుతుంది. ఇంకోటి: ఇసుకలో తిరిగొచ్చిన టైరు వేడి మీద 32 కొడితే మర్నాడు పొద్దున్న చల్లారాక 29 చూపిస్తుంది. స్టిక్కరు మీది అంకె చల్లని టైరుది. అందుకే సోమవారం ఆఫీసుకి బయల్దేరే ముందు చొక్కా మడిచి ఇంకోసారి గేజు పెడతాను. వాచ్‌మన్‌కి ఇప్పటికీ వింతే.

కొత్త పైపు ఆర్డరు పెట్టాను, ఈసారి రెండు.