కారు చప్పుడు లేని దారి: యోటా కాలువ గట్టు నుంచి తీవేదెన్ అడవి దాకా

రెండేళ్ల కిందట గోథెన్‌బర్గ్‌లో ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంటే, దూసుకెళ్లిన కారు అద్దం నా ఎడమ మోచేతికి తగిలింది. పడ్డాను. ఎముకలేమీ విరగలేదు. కానీ అప్పటినుంచి వెనకాల ఇంజిన్ చప్పుడు వినబడితే చాలు, భుజాలు బిగుసుకుపోయేవి. సైకిల్ తీసుకెళ్లి స్టోర్‌రూంలో పెట్టేశాను. ఈ జులైలో పదమూడేళ్ల మా అబ్బాయితో కలిసి నాలుగు రోజులు మళ్లీ తొక్కాను. నాలాగే కార్ల భయంతో సైకిల్ మానేసినవాళ్లకి, పిల్లల్ని తీసుకెళ్లాలని ఉన్నా ధైర్యం చాలనివాళ్లకి పనికొస్తుందని ఆ దారి గురించి రాస్తున్నాను.

మేం వెళ్లింది స్వీడన్‌లోని రెండు పెద్ద సరస్సులు వెనర్న్, వెట్టర్న్‌ల నడుమ ఉన్న ప్రాంతం. తోరెబూదాలో రైలు దిగి, మొదటి రోజు యోటా కాలువ గట్టు మీద వెనర్న్ దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. రెండో రోజు అదే కాలువ వెంట అటువైపు వీకెన్ సరస్సుకి వెళ్లి, దాని పక్కనుంచి తిరిగి ఫోర్స్‌విక్ చేరాం. మూడో రోజు అడవి రోడ్ల మీద తీవేదెన్‌కి, నాలుగో రోజు లాక్సో స్టేషన్‌కి. మొత్తం 160 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూగా వచ్చింది.

బయల్దేరే ముందు నాకెవరూ చెప్పని విషయం ఒకటుంది. "ట్రాఫిక్ లేని దారి" అనే ఒకే మాటతో ఇక్కడ మూడు రకాల దారుల్ని పిలుస్తారు. కార్లని అసలు రానివ్వనిది ఒకటి. గేటు అడ్డంగా ఉండి, దాని తాళం అడవి యజమాని దగ్గరుండేది ఇంకొకటి. మూడోది ఎవరైనా రావచ్చు గానీ గంటకొక కారు వస్తే గొప్ప అనిపించే పల్లె రోడ్డు. మ్యాపులో మూడూ ఒకేలా కనిపిస్తాయి. భయం ఉన్నవాళ్లకి మాత్రం మూడూ ఒకటి కావు.

కాలువ గట్టు మొదటి రకం. పడవల్ని ఎద్దులతో, గుర్రాలతో లాగించడానికి వేసిన గట్టు ఇది. ఇప్పుడు దాని మీద సన్నటి కంకర గట్టిగా అణిగిపోయి ఉంటుంది. మామూలు సైకిల్ చక్రాలకి కూడా ఏ ఇబ్బందీ లేదు. కాలువ మొత్తం పొడవు 190 కిలోమీటర్లు. అందులో 87 కిలోమీటర్లు మనుషులు తవ్వినదే, మిగతాది సరస్సుల మీదుగా పోతుంది. 1810లో మొదలుపెట్టి 1832లో పూర్తిచేశారు. ఎక్కువ భాగం సైనికుల చేత పారలతో తవ్వించారు. పని నడిపించిన బాల్ట్‌సార్ ఫొన్ ప్లాటెన్ కాలువ తెరిచే రోజు చూడకుండానే 1829లో చనిపోయాడు. ఈ సంగతి మా అబ్బాయిని చాలా బాధపెట్టింది. ఆ రోజంతా లాకు కనిపించినప్పుడల్లా "ఇది ఆయన చూశాడా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఈ పడమటి భాగం 1822లోనే తెరిచారు కాబట్టి చూశాడనే చెప్పాను.

వెనర్న్ సముద్రమట్టానికి 44 మీటర్ల ఎత్తులో ఉంటే, వీకెన్ 91.8 మీటర్ల దగ్గర ఉంది. అంటే వెనర్న్ నుంచి వీకెన్ వైపు తొక్కితే దాదాపు 48 మీటర్లు ఎక్కాలి. కానీ ఆ ఎక్కుడంతా లాకుల దగ్గరే ఉంటుంది. లాకు పక్కన చిన్న ఎగువ, మళ్లీ కిలోమీటర్ల కొద్దీ పళ్లెంలా చదును. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ధైర్యంగా రావచ్చు. పడవ లాకులోకి వచ్చి, తలుపులు మూసుకుని, నీళ్లు నిండుతూ అది మన కళ్లెదుటే పైకి లేస్తుంటే ఎంతసేపైనా నిలబడి చూడాలనిపిస్తుంది. నొర్‌క్వార్న్ దగ్గర పిల్లలు ఆడుకోవడానికి లాకులతో సహా ఒక బుల్లి కాలువ కట్టారు. మావాడు పెద్దవాడినైపోయాను అంటూనే అక్కడ ముప్పావుగంట గడిపాడు.

ఈ భాగంలో నాకు నచ్చనివి రెండు. లీరెస్తాద్ ఊరి దగ్గర ఈ20 హైవే కాలువని దాటుతుంది. కారు మన దారిలోకి రాదు గానీ, ఆ హోరు చాలాసేపు వెంటాడుతుంది. రెండోది జులై రద్దీ. కాలువ వెనర్న్‌లో కలిసే షోటోర్ప్ లాకుల దగ్గర ఐస్‌క్రీం తింటూ నడిచేవాళ్లు, కుక్కలు, చిన్నపిల్లల సైకిళ్లు. మధ్యాహ్నం పూట అక్కడ దిగి నడిపించుకుంటూ పోవడమే మంచిది. ఉదయం ఎనిమిదింటికి ముందు బయల్దేరితే గట్టంతా మీదే.

తోరెబూదాలో కాలువని దాటించే లీనా అనే బల్లకట్టుని వదలకండి. చేత్తో తిప్పితే కదులుతుంది, నిమిషంలో అవతలి ఒడ్డు.

టోటోర్ప్ దగ్గర కాలువ వీకెన్ సరస్సులో కలుస్తుంది. ఇక్కడి లాకుని ఇప్పటికీ మనుషులే చేత్తో తెరుస్తారు. కాలువ మొత్తం మీద ఇలాంటివి రెండే మిగిలాయి, రెండోది బొరెన్స్‌బెరి దగ్గర. వేసవి పనికొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు బలమైన కర్రలు తోస్తూ గుండ్రంగా తిరుగుతుంటే, పడవలోవాళ్లు మాతోపాటు చప్పట్లు కొట్టారు. కాలువకి కావాల్సిన నీటి నిల్వ వీకెనే. ఇక్కణ్నుంచి నీళ్లు అటు వెనర్న్ వైపూ ఇటు వెట్టర్న్ వైపూ దిగుతాయి.

గట్టు ఇక్కడితో అయిపోతుంది. ఫోర్స్‌విక్ దాకా దారి మూడో రకం, పల్లె రోడ్లు. నాకు టెన్షన్ మొదలైంది ఇక్కడే. మధ్యాహ్నం మొత్తం మీద మాకు తారసపడిన కార్లు పదకొండు. లెక్కపెట్టాను. అందరూ వేగం తగ్గించి, బాగా ఎడంగా జరిగి వెళ్లారు. అయినా ఒక్కో కారుకీ నేను పక్కకి దిగి నిలబడ్డాను. వేరేవాళ్లకి ఇది హాయిగా ఉండే రోడ్డే. నాలాంటివాళ్లు మాత్రం ఈ సగం రోజుకి మనసుని సిద్ధం చేసుకుని రావాలి.

ఫోర్స్‌విక్‌లో 1813 నాటి లాకు ఉంది, కాలువ మీద అన్నిటికంటే పాతది. పక్కనే అదే ఏడాది వేసిన పోతయినుము వంతెన, పాత ఇనుప కార్ఖానా. రాత్రి పదింటికి కూడా ఇంకా వెలుతురుంది. నీళ్ల పక్కన కూర్చుని బ్రెడ్, చీజ్ తిన్నాం.

ఇక అడవి. నేను ఇంత రాస్తున్నది నిజానికి దీని కోసమే.

స్వీడన్‌లో ఎక్కువ రోడ్లు ప్రభుత్వానివి కావు. అడవుల్లో దుంగలు తోలుకోవడానికి భూమి యజమానులు వేసుకున్న కంకర రోడ్లు లక్షల కిలోమీటర్లున్నాయి. చాలావాటికి మొదట్లో అడ్డుకర్ర గేటు ఉంటుంది, దాన్ని ఇక్కడ బొమ్ అంటారు. కారుకి అడ్డం గానీ, సైకిల్‌కి కాదు. అలెమాన్స్‌రెట్టెన్, అంటే ప్రకృతిలోకి అందరికీ ఉండే ప్రవేశహక్కు, ఈ దేశంలో 1994 నుంచి రాజ్యాంగంలోనే ఉంది. ఎవరి ఇంటి ముంగిట్లోకీ దూరకుండా, దేన్నీ పాడుచేయకుండా ఉంటే ప్రైవేటు రోడ్డు మీద కూడా సైకిల్ తొక్కుకోవచ్చు. మొదటి గేటు పక్కనుంచి సైకిల్ తోసుకుంటూ లోపలికి వెళ్తుంటే తప్పుచేస్తున్నానేమో అనిపించింది. నూరు మీటర్లు పోయాక మావాడు వెనకనుంచి వచ్చి నా పక్కన చేరాడు. రోడ్డు మీద ఎప్పుడూ ఒకరి వెనక ఒకరం వెళ్లేవాళ్లం. ఏమన్నా చెప్పాలంటే అరవాలి. ఇక్కడ పక్కపక్కనే తొక్కుతూ, మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. టైర్ల కింద కంకర నలిగే చప్పుడు, మా మాటలు, అప్పుడప్పుడూ పిట్ట కూత. మూడు గంటల్లో ఒక్క ఇంజిన్ చప్పుడు లేదు. నా భుజాలు దిగిపోయిన సంగతి నాకు మధ్యాహ్నం గానీ తెలియలేదు.

రోడ్డు తీరు గురించి కూడా చెప్పాలి. ఎండినప్పుడు బాగా అణిగిన చోట సిమెంటులా గట్టిగా ఉంటుంది. రోడ్డుని సాపుచేసే మిషను కొత్తగా తిరిగిన చోట మాత్రం కంకర వదులుగా ఉండి ముందు చక్రం జారుతుంది. వంపుల్లో దున్నిన సాళ్లలా అడ్డంగా గాళ్లు పడి ఒళ్లంతా అదురుతుంది. 40 మిల్లీమీటర్లకి తగ్గని టైర్లు వేసుకోండి, గాలి కొంచెం తక్కువగా ఉంచండి. దుమ్ము లేవకుండా కొన్ని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది గొలుసుకి పట్టుకుంటే తుప్పే, సాయంత్రం నీళ్లతో కడగాలి. మంచు కరిగే వసంతకాలంలో ఈ రోడ్లు మెత్తబడి బురదవుతాయి, అప్పుడు రావద్దు. పనిదినాల్లో దుంగల లారీలు తిరుగుతాయి. రోడ్డు పక్కన తాజా దుంగల గుట్ట, చక్రాల గుర్తులు కనిపిస్తే పక్కపక్కనే తొక్కడం ఆపేయండి.

మా అబ్బాయి సైకిల్ అద్దెది. రోజుకి 350 క్రోనార్. వెనక బ్రేకు ప్యాడ్లు అరిగిపోయి ఉన్నాయని షాపువాళ్లు చెప్పలేదు, నేనూ చూసుకోలేదు. పొడుగాటి దిగువలో బ్రేకు పట్టలేదు. వంపు దగ్గర వాడు రోడ్డు దాటి బ్లూబెర్రీ పొదల్లోకి వెళ్లిపోయాడు. మోచేయి గీరుకుపోయింది, మోకాలు వాచింది, హెల్మెట్ వల్ల తలకేమీ కాలేదు. (పదిహేనేళ్ల లోపువాళ్లకి హెల్మెట్ ఇక్కడ చట్టప్రకారం తప్పనిసరి.) పిల్లవాడికని చెప్పి తీసుకున్న సైకిల్‌ని పరీక్షించకుండా ఇవ్వడం నేను క్షమించలేను. తిరిగొచ్చాక చెబితే ఒక రోజు అద్దె వెనక్కిచ్చారు, అంతే. అద్దెకి తీసుకునేవాళ్లు షాపు ముందే రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి, ప్యాడ్ల మందం చూపించమని అడగండి.

తీవేదెన్ నేషనల్ పార్కు 1983లో ఏర్పడింది. లోపల దారి మనది కాదు, నడిచేవాళ్లది. సైకిళ్లకి తాళం వేసి నడిచాం. మంచుయుగం వదిలేసిపోయిన, ఇళ్లంత బండరాళ్ల నడుమ కాలిబాట దూరి దూరి పోతుంది. విట్‌సాండ్ దగ్గర తెల్లటి ఇసుక ఒడ్డు. నీళ్లు చల్లగా ఉన్నాయి, అయినా దిగాం. మావాడు మోకాలు నానబెట్టుకుని గంటసేపు రాలేదు.

ఖర్చు గురించి: కాలువ పక్క కేఫేలో కాఫీ, దాల్చినచెక్క బన్ను కలిపి 75 క్రోనార్ దాకా అయింది. పల్లెల్లో స్ట్రాబెర్రీలు, గుడ్లు పెట్టి వదిలేసే బల్లల దగ్గర డబ్బు స్విష్ అనే ఫోన్ యాప్‌తోనే కట్టాలి. దానికి ఇక్కడి బ్యాంకు ఖాతా ఉండాలి, బయటినుంచి వచ్చేవాళ్లకి కుదరదు. వాళ్లు కార్డు తీసుకునే కొట్లలోనే తిండి కొనుక్కోవాలి. అడవి మొదలయ్యాక కొట్లుండవు, అక్కడక్కడా ఫోన్ సిగ్నలూ ఉండదు, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎవరైనా "ఒక మీల్ దూరం" అంటే పది కిలోమీటర్లని అర్థం. గడ్డిలో కూర్చుని లేచాక మోకాళ్ల వెనక, చంకల్లో పేలాంటి పిడుదుల కోసం వెతుక్కోవాలి. అవి మోసుకొచ్చే మెదడువాపుకి టీకా ఉంది, ఈ సరస్సుల ప్రాంతానికి వచ్చేవాళ్లు వేయించుకోవడం మంచిది. రైళ్ల విషయానికొస్తే, ప్రాంతీయ రైళ్లలో చోటుంటేనే సైకిల్ ఎక్కించుకుంటారు. ఆఫీసు వేళలు తప్పించండి.

మీకు ఒక్క రోజే ఉంటే, భయం లేనివాళ్లయితే ఫోర్స్‌విక్ నుంచి అడవిలోకి వెళ్లండి. భయం ఉంటే, చిన్నపిల్లలుంటే తోరెబూదా నుంచి టోటోర్ప్ దాకా గట్టు మీద వెళ్లి అదే దారిన రండి. షోటోర్ప్ వైపు కంటే ఇటు జనం తక్కువ.

నాలుగో రోజు పొద్దున అడవిలో తొక్కుతూ మావాడు ఫుట్‌బాల్ మానేస్తానని మొదలుపెట్టాడు. టీంలో ఏదో జరిగింది, ఇంట్లో రెండు నెలలుగా చెప్పలేదు. సగంలో ఉండగా గేటు దాటి లాక్సోకి వెళ్లే తారురోడ్డు ఎక్కాం. కార్లు మొదలయ్యాయి. వాడు వెనక్కి తగ్గాడు, మాట ఆగిపోయింది. స్టేషన్ చేరి, సైకిళ్లు ప్లాట్‌ఫాం గోడకి ఆనించి, బెంచీ మీద కూర్చున్నాక "ఎక్కడిదాకా చెప్పాను?" అన్నాడు.