16 గళ్లలో 12 మాత్రలు: ఎఫ్‌ఎల్ స్టూడియోతో ఆరేళ్లు

కంప్యూటర్‌లో సంగీతం కట్టే సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎల్ స్టూడియోలో ప్రొడ్యూసర్ ఎడిషన్ 2019లో కొన్నాను. ఒకసారి కొంటే అప్‌డేట్లన్నీ ఉచితం కాబట్టి మళ్లీ పైసా పెట్టలేదు. ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని దీనితో నేను చేసేది ఒకటే పని, ఆఫ్రికా దరువుల మీద డ్యాన్స్ ట్రాకులు కట్టడం.

మొదటి ఆరు నెలలూ వేస్టు. ఎవరో అమ్మే ‘ఆఫ్రికన్ పెర్కషన్’ లూపుల (తిప్పి తిప్పి వాడుకునే రికార్డు ముక్కల) ప్యాక్ కొన్నాను. జెంబే అనే చేతి డ్రమ్, షేకర్, గంట, అన్నీ ఉన్నాయి. కిక్ (లోతుగా మోగే డ్రమ్ దెబ్బ) కింద పెడితే ఇట్టే అతుక్కునేవి కూడా. కానీ ప్రతి దెబ్బా తెర మీది గళ్ల గీత మీదే పడేది. కాచని డప్పు కొట్టినట్టు చప్పగా ఉండేది.

చివరికి లూపులన్నీ తీసేసి ఒక్క గంటతో మొదలుపెట్టాను. ఘానా, టోగోల్లోని ఎవే జనం గాంకోగ్వి అనే ఇనుప జంట గంట మీద వాయించే దరువు అది. ఆవర్తానికి 12 మాత్రలు. అందులో 1, 3, 5, 6, 8, 10, 12 మీద దెబ్బ పడుతుంది. ఎఫ్‌ఎల్‌లో కొత్త ప్యాటర్న్ తెరిస్తే మాత్రం కనిపించేవి 16 గళ్లు. అందులో ఈ ఏడు దెబ్బలూ పట్టవు. పట్టించాలని చూస్తే వేరే దరువైపోతుంది. నోట్లు పెట్టే పియానో రోల్ అనే కిటికీలో స్నాప్‌ను (నోటును గీతకు అతికించే సెట్టింగ్‌ను) బీటులో మూడో వంతుకు మార్చాక దారి దొరికింది. మన లెక్కలో చెప్పాలంటే నాలుగు అక్షరాలకు తిశ్ర నడక, ఒక్కో అక్షరానికి మూడు మాత్రలు.

దాని కింద హౌస్ అనే డ్యాన్స్ సంగీతంలోని మామూలు కిక్ పెట్టి చూడండి. కిక్ 1, 4, 7, 10 మీద పడుతుంది. గంట దానితో కలిసేది 1, 10 దగ్గర మాత్రమే. మిగతా ఐదు దెబ్బలూ కిక్‌ల మధ్య సందుల్లోకి జారతాయి. కాళ్లు కిక్‌తో, భుజాలు గంటతో వెళ్తాయి. ఇది వినపడ్డ రాత్రి నేను డైనింగ్ టేబుల్ మీద వాయిస్తూ కూర్చుంటే ఇంట్లో వాళ్లు లేచొచ్చారు. చేతికి రాకముందే మౌస్‌తో పెడితే ప్రయోజనం లేదని అప్పుడే తెలిసింది.

అమాపియానో కథ ఇందుకు పూర్తిగా తలకిందులు. దక్షిణాఫ్రికా టౌన్‌షిప్‌లలో 2010లలో పుట్టిన ఈ సంగీతంలో గుండెల్లో దడదడమనే బేస్‌ను ‘లాగ్ డ్రమ్’ అంటారు. పేరు విని దుంగను తొలిచిన వాద్యం అనుకున్నాను. తీరా చూస్తే అది ఎఫ్‌ఎల్‌తో పాటే వచ్చే డీఎక్స్10 అనే చిన్న సింథ్ (శబ్దాలు పుట్టించే ఎలక్ట్రానిక్ వాద్యం) లోది. దాన్ని అమాపియానోలోకి తెచ్చింది ఎండీయూ అకా టీఆర్‌పీ అనే ప్రొడ్యూసర్ అంటారు. ఎక్కడో బెల్జియంలో తయారైన సాఫ్ట్‌వేర్‌లో మూల పడి ఉన్న శబ్దాన్ని అక్కడి కుర్రాళ్లు తమ వాద్యం చేసుకున్నారు. నేనూ వాడుతున్నాను. 112 బీపీఎం (నిమిషానికి బీట్లు) దగ్గర కిక్ బాగా తగ్గించి, లాగ్ డ్రమ్‌ను బీటుకు కాస్త అటూ ఇటూ పెడితేనే దానికి ఊపు. ఆల్ట్ నొక్కి పట్టుకుంటే స్నాప్‌తో పని లేకుండా నోటును ఎక్కడికైనా జరపొచ్చు. ఆరేళ్లలో నేను ఎక్కువగా నొక్కిన బటన్ అదే కావచ్చు. దెబ్బల్ని కాస్త వెనక్కి జరిపే స్వింగ్ స్లైడర్ కూడా ఉంది కానీ అది అన్నిటినీ ఒకే లెక్కన జరుపుతుంది, చెయ్యి అలా జరపదు.

కొనాలా అంటే, ఈ పనికి కొనొచ్చు. ముందు ట్రయల్ చాలు. అందులో సేవ్ చేసిన ప్రాజెక్టును మళ్లీ తెరవలేరు, అంతే.

ఇప్పుడు చేస్తున్నది మార్ఫా. యెమెన్ అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు హైదరాబాదుకు తెచ్చిన దరువు. ఏసీ గార్డ్స్ పేటలో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. మా బావ బరాత్‌లో ఫోన్‌తో రికార్డు చేశాను. 118తో మొదలైన వేగం పది నిమిషాల్లో 126కి చేరింది. దాన్ని సాగదీసి గీతల్లో కూర్చోబెడితే చచ్చిపోయింది. అందుకే టెంపోను ఆటోమేషన్‌లో (పాట నడుస్తుండగా దానంతటదే మారేలా) పెట్టి, కిక్‌నే ఆ వాయించేవాళ్ల వెంట పరిగెత్తిస్తున్నాను. ట్రాక్ మూడు నిమిషాల వరకు వచ్చింది.