అద్దె గౌను బాగుంది, తోక దగ్గరే ముంచారు

మా చెల్లి పెళ్లికి సికింద్రాబాద్‌లో ఒక షాపు నుంచి గౌను అద్దెకు తెచ్చాం. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే బట్ట శుభ్రంగా ఉంది, మనుషులూ మంచివాళ్లే, ఒక్క చోటే దెబ్బ కొట్టారు. మా ఇంట్లో అమ్మా పిన్నీ అందరూ తెల్ల పట్టుచీర, తలమీద నెట్టుతో పెళ్లి చేసుకున్నవాళ్లు, గౌను వెనక ఈడ్చుకుంటూ వచ్చే ట్రైన్ గురించి ఎవరికీ ఓనమాలు తెలీవు.

షాపు మేడమ్ ఓపిగ్గా అన్నీ పరిచి చూపించారు. జానెడు మాత్రం నేలను తుడుస్తూ వచ్చేది స్వీప్, ఇంకాస్త పొడుగైతే కోర్ట్, నాలుగైదు అడుగులు ఉండేది చాపెల్, అదీ దాటితే కెథడ్రల్. వాట్టో అని ఇంకోటుంది, భుజాల దగ్గర మొదలై వీపు మీదుగా జారుతుంది, ఆ పేరున్న ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మల్లో ఆడవాళ్ల గౌన్లు అలా ఉంటాయి. నాకు అదే నచ్చింది గానీ పెళ్లి నాది కాదుగా.

చెల్లి కన్నంతా కెథడ్రల్ మీదే. ఫోన్లో బ్రిటన్ యువరాణి డయానా పెళ్లి ఫొటో తీసి చూపించింది. 1981లో ఆవిడ ట్రైన్ 25 అడుగులు, అదీ లండన్‌లో సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చిలో, అంత బట్టనీ బగ్గీలో కుక్కితే దిగేసరికి ముడతలు ముడతలు. మా చర్చిలో బెంచీల మధ్య ఇద్దరు పక్కపక్కన నడిస్తే దారి నిండిపోతుంది, అక్కడ కెథడ్రల్ ఏంటమ్మా అని చాపెల్‌కి ఒప్పించాం.

చర్చిలో మాత్రం ఎంత బాగుందో. మోకరించినప్పుడు శాటిన్ మెట్ల మీదుగా విసనకర్రలా విచ్చుకుంది, చివర్న లేసు అంచు, వెనక బెంచీల్లోవాళ్లు కూడా మెడలు సాచి చూశారు.

గోలంతా రిసెప్షన్‌లో. నడవడానికి వీలుగా ట్రైన్‌ని ఎత్తి నడుం కింద గుండీలకు తగిలిస్తారు, బస్టిల్ అంటారు. మా గౌనుకి ఉన్నవి మూడే గుండీలు, మూడు దారం ఉచ్చులు. శాటిన్, లోపల రెండు పొరల నెట్టు, అంచంతా పూసలు, ఆ బరువుకి అవి ఆగుతాయా? కేకు కోయకముందే మధ్య గుండీ టప్పున తెగి టేబుల్ కిందకి దొర్లింది. పిన్ని తన కుచ్చిళ్లకి పెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చింది, పది నిమిషాలకి అదీ వంగిపోయింది. అప్పటికే మా మేనల్లుడు తోక మీద నిలబడి ఐస్‌క్రీమ్ తింటున్నాడు.

వాపసు ఇస్తే మరకకీ గుండీకీ కలిపి డిపాజిట్ 5 వేలలో 2 వేలు కోశారు. మరకకి సరే, గుండీకి కూడానా? ట్రయల్ రోజు బస్టిల్ వేసి చూపించండి అని నేను అడిగితే, "ఆ రోజు ఎవరో ఒకరు వేసేస్తారులే అమ్మా" అన్నది వాళ్లే.

మీరు తీసుకుంటే మాత్రం వేయించి, కూర్చోబెట్టి, లేపి, నాలుగడుగులు నడిపించి చూడండి. అసలు హుక్కులతో విడదీసే ట్రైన్ ఉంటే అదే తీసుకోండి, చర్చి అయ్యాక తీసి కారులో పడేయొచ్చు. అదే షాపులో ఉంది, 1,500 ఎక్కువని మేమే వద్దనుకున్నాం.

ఐదుకి మూడు ఇస్తున్నా. చెల్లి ఐదూ ఇమ్మంటోంది, దానికేం, ఫొటోలు చూసుకుంటోంది, టేబుల్ కింద గుండీ వెతికింది నేను.